గాజు అల్మారా తాళంచెవి

రండి, దగ్గరగా కూచోండి. కాలేజీ పిల్లలైనా, మిల్లు పనివాళ్ళైనా నన్ను అడిగేది ఒకటే. ఆ రోజు మేనేజర్ని నేల మీద ఎందుకు కూచోబెట్టారని. చెబుతా. అయ్యో పాపం అంటూ మాత్రం వినకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. రెండొందల మంది ఆడవాళ్ళం. పొద్దున పసివాళ్ళని గేటు పక్క పిల్లల గదిలో వదిలితే, మళ్ళీ సాయంత్రం బెల్లు కొట్టాకే చూడ్డం. మధ్యలో అటు తొంగి చూసినవాళ్ళని గేటు బయటికి పంపేవాళ్ళు.

నా కూతురికి మూడేళ్ళు నిండినా మాట రాలేదు. తప్పంతా నాదేనంది మా అత్త. డాక్టరమ్మ చెవులు చూసింది, నాలుక చూసింది. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. పగలంతా దీనితో ఎవరు మాట్లాడతారు?" అని అడిగింది.

మా చొక్కాలు కొనే బయ్యర్లు వచ్చే రోజు, పిల్లల గదికి కొత్త కర్టెన్లు తగిలించమని నన్ను పంపారు. అప్పుడు చూశాను. నలభై మంది పిల్లలు గోడవైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టుకుని కూచున్నారు. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది గది. మూల గాజు అల్మారా, అందులో చెక్కముక్కలు, బొమ్మల పుస్తకాలు, చిన్న డప్పు. అల్మారాకి తాళం. తాళంచెవి మేనేజర్ నడుముకి.

బయట కారు హారన్ మోగగానే మేనేజర్ తాళం తీసి, తలా ఒక బొమ్మ చేతిలో పెట్టాడు. నా కూతురికి ఎర్ర చెక్కముక్క దొరికింది. విసరలేదు, నేలకి కొట్టలేదు, నోట్లో పెట్టుకోలేదు. బయ్యర్లు ఫోటో తీసేదాకా అలాగే పట్టుకుంది. అయిపోగానే తనే లేచి, దాన్ని అల్మారాలో పెట్టేసి, వచ్చి గోడవైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకుంది. నన్ను చూసి కూడా! కర్టెన్ కడ్డీ నా చేతిలోనే ఉంది. అప్పుడే వాడి నెత్తిన ఒక్కటి వెయ్యాల్సింది.

భోజనాల వేళ షెడ్డులో అందరికీ చెప్పాను.

"పిల్లల్ని చూసే ఆ ఆయమ్మని జుట్టు పట్టి ఈడ్చుకొద్దాం పదండి," అని లేచింది కాజాలు కుట్టే పిల్ల.

ఆయమ్మే వచ్చి మా మధ్య నిలబడింది. "కొట్టండే, కొట్టండి! నలభై మందికి నేనొక్కదాన్ని. ఒక్క పిల్ల నవ్వినా మిషన్ల దాకా వినబడుతుంది. వినబడితే మీరు తలెత్తుతారు. తలెత్తితే చొక్కా ఆగిపోతుంది. 'పిల్లల గొంతు వినబడిందా, నీ ఉద్యోగం ఊడింది' అన్నాడు మేనేజర్. నేనేం చెయ్యను?"

బట్ట కత్తిరించే చోట ముప్పై ఏళ్ళుగా నిలబడ్డ ముసలామె ఉంది, కత్తెర పెద్దమ్మ అంటాం. ఆమె అంది: "మన తలలు వంచి ఉంచడానికి వాళ్ళ నోళ్ళు మూయించాడన్నమాట. సరే. ముందు అడుగుదాం."

అడిగాం. అల్మారా తెరిచి ఉంచు. పాటలు పాడి, కథలు చెప్పి, పిల్లలతో మాట్లాడే మనుషుల్ని ఇంకో ముగ్గుర్ని పెట్టు. వెనక ఖాళీ స్థలంలో ఇసక పోయించు, ఆడుకుంటారు.

మేనేజర్ టీ తాగుతూ నవ్వాడు. "వాళ్ళకెందుకమ్మా ఈ హంగులు? పదిహేనేళ్ళు పోతే వాళ్ళూ ఈ మిషన్ల మీదికే కదా. కుదురుగా కూచోడం ఇప్పట్నించే అలవాటైతే మీకే మంచిది."

ఆ మాట సాయంత్రానికల్లా రెండొందల మందికీ చేరింది.

మర్నాడు పదింటికి నా మిషన్ ఆపాను. పక్కది ఆగింది, దాని పక్కది ఆగింది. "ఏంటే ఈ నాటకాలు?" అంటూ పరిగెత్తుకొచ్చాడు మేనేజర్. ఒక చెయ్యి కత్తెర పెద్దమ్మ పట్టుకుంది, రెండోది నేను పట్టుకున్నా. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. పిల్లల గదికి నడిపించి, గోడవైపు తిప్పి నేల మీద కూచోబెట్టాం.

"నోటి మీద వేలు," అన్నాను.

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మా..."

"వాళ్ళకి లేవా మోకాళ్ళు?"

భోజనాల బెల్లు దాకా కూచోబెట్టాం. వేలు జారినప్పుడల్లా "ఊఁ!" అని గద్దించింది ఆయమ్మే. నా కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, ఇంకాసేపు కూచుంటే బాగుండుననిపించింది.

ఈలోగా వాడి నడుముకున్న తాళంచెవి లాక్కుని అల్మారా తెరిచాం. పిల్లలు కదల్లేదు. అది చూసి కాజాల పిల్ల భోరుమంది. అప్పుడు కత్తెర పెద్దమ్మ చతికిలబడి డప్పు తీసుకుని నాలుగు దరువులు వేసింది. మేమందరం నేల మీద కూచుని చెక్కముక్కలు పేర్చాం, కూల్చాం. ఒకడు పాక్కుంటూ వచ్చాడు. తర్వాత ఇద్దరు. తర్వాత గది పగిలిపోయేంత గోల.

ఆఫీసువాళ్ళు ఫోన్ చేసినట్టున్నారు, భోజనాల బెల్లుతో పాటే పోలీసులు వచ్చారు. వాళ్ళని చూడగానే మేనేజర్‌కి ప్రాణం లేచొచ్చింది. లేచి బొమ్మలన్నీ లాక్కుని అల్మారాలో పడేస్తూ, నా కూతురి చేతిలోని ఎర్ర ముక్క పట్టుకున్నాడు. అది వదల్లేదు. గట్టిగా లాగాడు.

"నాది!" అంది నా కూతురు.

మూడేళ్ళు ఎదురుచూసిన మాట. నేను దాని దగ్గరికి వెళ్ళేలోపే ఇన్‌స్పెక్టర్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎవర్తే దీనికంతటికీ లీడరు? చెప్పండి!"

కత్తెర పెద్దమ్మ నోటి మీద వేలు పెట్టుకుంది. ఆయమ్మ పెట్టుకుంది. కాజాల పిల్ల, నేను, వరండాలో, గేటు దగ్గర, రెండొందల మందిమీ పెట్టుకున్నాం. ఎంత అరిచినా ఒక్కరూ పెదవి విప్పలేదు.

నాతో కలిపి చేతికందిన పన్నెండు మందిని వ్యానెక్కించారు. గేటు దాటేదాకా వినబడుతూనే ఉంది, గదిలోంచి నా కూతురి అరుపు, దాంతో కలిసి ఇంకా ఎన్నో గొంతులు: నాది, నాది, నాది.