లెక్కల మాస్టారికి మార్కులు

సేవాకేంద్రంలో వాలంటీర్ల మంచిచెడ్డలు చూడటం కోడలి ఉద్యోగం. ఆ వాలంటీర్లలో ఒకరు ఆమె మామగారు. ఈ సంగతి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆమెకి తప్ప.

కేంద్రం చేసే పని చిన్నదే. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకి వారానికోసారి ఒక వాలంటీరు వెళ్లి కూర్చుంటారు. మందులివ్వరు, సామాన్లు తేరు. వాళ్లు చెప్పేది వింటారు, అంతే. ఈ మాత్రం దానికి శిక్షణ ఎందుకని అందరూ అడుగుతారు. ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోమంటే ఎందుకో వాళ్లకే తెలిసొస్తుంది. ఆర్నెల్లకోసారి కోడలు ప్రతి వాలంటీరు వెంటా వెళ్లి, ఓ మూల కూర్చుని, వాళ్లెలా చేస్తున్నారో చూడాలి. ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టి, ఆ మనిషికి తగిన సాయం ఆలోచించాలి. సాయం చేశాక కూడా మారకపోతే పాతబట్టల గదికి పంపాలి. అక్కడ జనం ఇచ్చిన బట్టలు మడతపెట్టే పని ఉంటుంది. బట్టలకి చెప్పుకునే కష్టాలేమీ ఉండవు కనుక అక్కడ ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

మామగారు బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని లెక్కల మాస్టారనే అంటుంది. రిటైరయ్యారన్న మాటే గానీ పాఠం ఆపింది లేదు. పాలు పోసే మనిషికి శాతాలు చెప్పారు. పక్కింటావిడకి చక్రవడ్డీ చెప్పారు. ఆవిడ అప్పట్నుంచీ వెనక గుమ్మంలోంచి రాకపోకలు సాగిస్తోంది. భార్య పోయాక ఇంట్లో వినేవాళ్లు తగ్గిపోయి, ఆయన తనంతట తనే వాలంటీరుగా చేరారు. చేరిన రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో సుద్దముక్క వేసుకుని మరీ వెళ్లారు.

ఆయన్ని వాచీల తాత దగ్గరికి పంపించారు. తాత వాచీలు బాగుచేసి బతికినవాడు. ఇప్పుడు కళ్లు ఆనక పని మానేశాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ పలకట్లేదని కింది వాటావాళ్లు కేంద్రానికి చెప్పారు. గది నిండా గడియారాలే. ఒక్కటీ ఇంకోదానితో ఏకీభవించదు. గోడ మీది పెద్ద గడియారమైతే ఆగిపోయి ఉంది. ఇంతకంటే పాఠానికి అనువైన చోటు మాస్టారికి జన్మలో దొరకదు. మొదటివారమే కాలం, వేగం, దూరం మొదలుపెట్టారు.

మొదటి మదింపుకి కోడలు వెళ్లినప్పుడు పాఠం రైళ్ల దాకా వచ్చింది. రెండు రైళ్లు ఎదురెదురుగా బయల్దేరాయి. అవి ఎక్కడ కలుస్తాయో తాతే చెప్పాలి. తాత చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కోడలు వచ్చి కాగితం మీద "చక్కగా మాట్లాడతారు" అని రాసింది. అది అబద్ధం కాదు. కాకపోతే ఆయన్ని ఎవరూ మాట్లాడమని పంపలేదు. మామగారికి మార్కులు తగ్గించి, ఆ చేతుల్తోనే రాత్రికి ఆయనకి అన్నం వడ్డించాలంటే ఆడదానికి కాస్త గుండె కావాలి. అప్పటికి ఆమెకది లేకపోయింది.

ఆ తర్వాత తాత కేంద్రానికి ఫోన్ చేశాడు. తీసింది డైరెక్టరమ్మ.

"మాస్టారు చాలా మంచివారమ్మా," అన్నాడు తాత. "ఆయన్ని ఏమీ అనకండి. ఒక్కమాట కనుక్కుందామని చేశాను. మీ దగ్గర వేసవి సెలవులేమైనా ఇస్తారా?"

డైరెక్టరమ్మ కోడల్ని పిలిచింది. "ఈసారి ఉన్నదున్నట్టు రాయి."

"మీరు వెళ్లకూడదా మేడమ్? ఆయన మా మావయ్యగారు."

"అందుకే నువ్వెళ్లు. ఆయన వినరని నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

తెలుసు. మొన్నటికి మొన్న కాదు, అంతకు ముందరి వానాకాలం నుంచే తెలుసు. అప్పుడామె కడుపులో బిడ్డ పోయి ఆసుపత్రి నుంచి ఒట్టి చేతుల్తో ఇంటికొచ్చింది. భర్త సెలవు దొరక్క ఉద్యోగం చేసే ఊరికి వెళ్లిపోయాడు. ఇంట్లో మామగారొక్కరే. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఇలా ఎంతమందిలో ఎంతమందికి జరుగుతుందో, మళ్లీ జరగకుండా ఉండే అవకాశం ఎంతో, శాతాలు కట్టి ఓదార్చారు. లెక్కలో తప్పు లేదు. ఆయన ప్రేమలోనూ లేదు. కాఫీ కలిపి తెచ్చిందీ, దుప్పటి కప్పిందీ ఆయనే. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఊ కొట్టింది. చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

డైరెక్టరమ్మ పిలిచి చెప్పిన ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కోడలు గొంతు సవరించుకుంది. కేంద్రంలో మిగతా వాలంటీర్లకి ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. మీరు వినడం లేదు, సలహాలిస్తున్నారు, పాఠాలు చెబుతున్నారు, వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే పాతబట్టల గదికి మార్చక తప్పదు.

మాస్టారి మొహం వాడిపోయింది. "బట్టలా?" అన్నారు. కంచం పక్కకి జరిపి, "నాకు వారం మొత్తానికి ఉన్నది ఆ గంటేగా అమ్మాయ్," అన్నారు.

ఆమెకి జాలేసింది. మండింది కూడా. రెండూ మింగేసి, సాయం చెప్పింది. అది కేంద్రంలో అందరికీ చెప్పే ఉపాయమే. "వెళ్లేటప్పుడు నీళ్ల సీసా పట్టుకెళ్లండి మావయ్యగారూ. ఏదైనా చెప్పెయ్యాలనిపించినప్పుడల్లా ఓ గుక్క నీళ్లు నోట్లోకి తీసుకోండి. ఈలోపు అవతలివాళ్లు మాట్లాడతారు."

"అంతేనా?"

"అంతే."

మింగమని వేరే చెప్పాలని ఆమెకి తట్టలేదు. ఏ వాలంటీరుకీ చెప్పాల్సిన అవసరం రాలేదు మరి. కానీ మాస్టారు బళ్లో పిల్లలకి ప్రశ్నని ప్రశ్నలో ఉన్నంతవరకే చదవమని, లేనిది ఊహించుకోవద్దని జీవితమంతా చెప్పిన మనిషి.

మరుసటి వారం వాచీల తాత మేడగదిలో మాస్టారు ఎప్పటి కుర్చీలో కూర్చున్నారు. కోడలు తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. మదింపు జరుగుతున్నంతసేపూ ఆమె నోరు విప్పకూడదు, అది నియమం. తాత చేతులు కట్టుకుని పాఠం కోసం సిద్ధంగా ఉన్నాడు.

మాస్టారు గదంతా కలయజూశారు. ఒక గడియారం పొద్దున్నంటోంది, ఒకటి సాయంత్రమంటోంది. ఆయన పెదవులు విడివడ్డాయి. వెంటనే సీసా మూత తీసి, ఓ గుక్క పోసుకుని, పెదవులు బిగించేశారు. గుక్క కాదు, అది చెంబెడు. రెండు బుగ్గలూ పొంగాయి. మింగలేదు. అలాగే కూర్చున్నారు.

కోడలు ఉలిక్కిపడింది. మింగండి మావయ్యగారూ అని కళ్లతో చెప్పింది. ఆయన చూడలేదు. పరీక్ష జరుగుతుండగా పక్కచూపులు చూడటం ఆయనకి బొత్తిగా గిట్టదు.

తాత ఎదురుచూశాడు. పాఠం రాలేదు. ఇంకాసేపు చూసి, ముందుకి వంగాడు.

"పన్ను నొప్పా మాస్టారూ?"

మాస్టారు తల ఆడించారు. అది అవునో కాదో ఆయనకీ తెలియదు.

"అయ్యో, మాట్లాడకండి, మాట్లాడకండి," అన్నాడు తాత కంగారుగా. "మా ఆవిడకీ ఇంతే. దవడ ఇంత లావున వాచేది. డాక్టరు దగ్గరికి వెళ్దామే అంటే వినేది కాదు. బుగ్గన గుడ్డ కట్టుకుని పనంతా చేసేది. నొప్పి ఉన్నన్నాళ్లూ నాతో సైగలే. ఎంత గయ్యాళిదనుకున్నారు, సైగల్తో కూడా తిట్టేది!"

తాత నవ్వాడు. ఆ గదిలో తాత నవ్వడం కోడలు చూడటం అదే మొదటిసారి. నవ్వుతూనే గోడ మీది పెద్ద గడియారం వైపు చూశాడు.

"దానికి కీ ఇవ్వడం ఆవిడ పనండీ. పెళ్లైన కొత్తలో ఒకసారి నేనిస్తే, ఇంట్లో నాకంటూ ఒక్క గడియారమైనా ఉండనివ్వరా అని పోట్లాడింది. ఇంక నేను ముట్టుకోలేదు. ఊరందరి వాచీలూ నావి, అదొక్కటీ ఆవిడది. అందుకని అలా వదిలేశాను. నేను కీ ఇస్తే, ఆవిడ ఇంక రాదని నేనే ఒప్పేసుకున్నట్టు ఉంటుంది."

మాస్టారి బుగ్గలు కదల్లేదు గానీ కళ్లు పెద్దవయ్యాయి. కోడలికి తెలుసు ఎందుకో. పోయిన నెల ఆయన స్టూలెక్కి స్వయంగా ఆ గడియారానికి కీ ఇచ్చి వచ్చారు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నారు కూడా. ముసలాయనకి చిన్న పని చేసిపెట్టానమ్మాయ్ అన్నారు.

"మీరు మంచి మనసుతో ఇచ్చారు, నాకు తెలుసు," అన్నాడు తాత, చేతులవైపు చూసుకుంటూ. "అది గంట కొడుతుంటే రాత్రి పడుకోలేకపోయానండీ. ఆవిడ వంటింట్లో ఉందేమోనని లేచి చూశాను."

చిన్న గడియారాలు తమ దారిన తాము టిక్కుటిక్కుమన్నాయి. అప్పుడు మాస్టారి గొంతు కదిలింది. నీళ్లు మింగేశారు. ఇక పాఠమే అనుకుని కోడలు కళ్లు మూసుకుంది.

"ఆవిడ ఏ వేళకి కీ ఇచ్చేవారు?" అని అడిగారు మాస్టారు.

ఆయన బళ్లో లక్ష ప్రశ్నలు అడిగి ఉంటారు. అన్నిటికీ జవాబు ముందే తెలుసు. జవాబు తెలియని ప్రశ్న ఆయన నోట కోడలు వినడం అదే మొదలు.

"పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేది," అన్నాడు తాత. "పొంగేలోపు కీ ఇచ్చేసి వెళ్లాలని ఆవిడ పందెం. ఎన్నిసార్లు పొంగిపోయాయో లెక్కలేదు."

లెక్కలేదన్న మాట విని కూడా మాస్టారు ఊరుకున్నారు. మళ్లీ సీసా ఎత్తారు. తాత పాల దగ్గర్నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర్నుంచి పెళ్లి దాకా వెళ్లాడు. గంట దాటిపోయింది. మెట్ల దగ్గర కోడల్ని ఆపి, గొంతు తగ్గించి అడిగాడు. "అనకూడదు గానీ తల్లీ, వచ్చేవారం కూడా ఆయనకి పన్ను నొప్పి ఉంటుందా?"

ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గరే మదింపులో చివరి తంతు మొదలైంది. ముందు వాలంటీరు తన గురించి తను చెప్పుకోవాలి. తర్వాత చూసినవాళ్లు చెప్పాలి. ఏది చెప్పినా ఉదాహరణతో చెప్పాలి.

"ఈరోజు మార్కులు నీళ్లవి, నావి కావు," అన్నారు మాస్టారు. "ఆ గడియారానికి కీ ఇచ్చిన రోజుకి నాకు సున్నా. నన్ను బట్టల గదికి పంపెయ్ అమ్మాయ్. అక్కడైతే ఎవరినీ బాధపెట్టను."

"పంపను. తాత మీరే రావాలంటున్నాడు."

మాస్టారు బల్ల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నారు. "ఇలా ఇంకెవరికైనా చేశానా?"

ఆ రోజుకి అది ఆయన అడిగిన, జవాబు తెలియని రెండో ప్రశ్న. కోడలు లేవబోయింది. అన్నం పొయ్యి మీద ఉందని చెప్పి తప్పించుకోవచ్చు. పైగా ఉంది.

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. ఏం కనబడిందో, గ్లాసులో నీళ్లు పోసుకున్నారు. నోటినిండా నింపుకుని, చేతులు కట్టుకుని, ఆమె ఎదురుగా నిటారుగా కూర్చున్నారు.

కోడలు మళ్లీ కూర్చుంది.

"ఉదాహరణకి," అంది. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. "ఉదాహరణకి, నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు. మీరు శాతాలు చెప్పారు. నేను ఎంతమందిలో ఒకదాన్నో చెప్పారు. ఆ బిడ్డ గురించి మాత్రం అడగలేదు మావయ్యగారూ. ఆడపిల్ల అని నర్సు చెప్పింది. చూస్తావా అని అడిగింది. చూశాను. మీ అబ్బాయి చూడలేదు, నేనొక్కదాన్నే చూశాను. చెవులు మీవే. అది మీకు చెప్పాలనుకున్నాను. పేరు కూడా అనుకున్నాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు."

ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు. మాస్టారి కళ్ల నీళ్లు ఉబ్బిన బుగ్గల మీదుగా జారి చొక్కా మీద పడ్డాయి. చాలాసేపటికి ఆయన గొంతు కదిలింది.

"ఏం పేరమ్మా?"

ఆమె చెప్పింది.

మాస్టారు ఆ పేరు పైకి పలికారు. బళ్లో పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు పలికినట్టు, తప్పు పోకుండా, నిదానంగా పలికారు. తర్వాత గ్లాసు మళ్లీ నింపుకుని, ఇంకా చెప్పమన్నట్టు ఆమెవైపు చూశారు.