యునీకమ్మ పిడికెడు బియ్యం

నేను ఒక పెద్ద పాలపొడి డబ్బాను. ఏదో దూరదేశపు కర్మాగారంలో రేకుతో తయారై, ఓడెక్కి వచ్చి, ఒక మిషను ఆసుపత్రిలో పసిపిల్లలకు పాలు కలిపిన రోజుల్లో ఖాళీ అయ్యాను. ఖాళీ అయినందువల్లనే పనికొచ్చాను. కాన్పుకు వచ్చి, బిడ్డను పోగొట్టుకుని వట్టి చేతులతో తిరిగి వెళుతున్న యునీకమ్మకు నర్సమ్మ నన్ను ఇచ్చింది. చేతిలో ఏదో ఒకటి ఉండాలని కాబోలు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆమె పల్లెలో క్రైస్తవ స్త్రీలకు ఒక నియమం ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి దేవుని పేరిట వేరుగా ఉంచాలి. ఆదివారం చర్చిలో పరచిన దుప్పటి మీద అందరి బియ్యమూ కలిపి పోస్తారు. పాస్టరుగారి ఇల్లు ఆ వారమంతా తినేది ఆ రాశినే. యునీకమ్మ పిడికెడు పడే చోటు నేనయ్యాను. భర్త జెకర్యా చనిపోయిన వారం కూడా ఆ పిడికెడు తప్పలేదు.

ఒక ఉదయం ఆమె నాలో బియ్యం వేస్తుండగా చిటికెనవేలు కాగుతున్న కుండకు తగిలి బొబ్బ ఎక్కింది. ఆమె ఉలిక్కిపడలేదు. ఆ నొప్పి లేకపోవడమే తరువాతి నొప్పులన్నిటికీ మొదలు. నొప్పి తెలియనందున పుండు ముదిరింది. ముదిరినందున ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళినందున కుష్ఠు అని తేలింది. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటదని డాక్టరుగారు కాగితం రాసిచ్చారు. అయితే కాగితం కంటే వార్త ముందు చేరింది.

ప్రభువు కుష్ఠురోగిని ముట్టి బాగుచేశాడన్న ప్రసంగానికి పైటచెంగుతో కళ్ళొత్తుకున్న స్త్రీలే ఇప్పుడు దారి మార్చి నడిచారు. స్త్రీల సమాజానికి పెద్ద ఫీబమ్మ. ఆమె జెకర్యాకు అక్క కూడాను. అందుచేత చెప్పే పని ఆమెకే పడింది. గడప బయటే నిలబడింది.

"బియ్యం తేవద్దన్నారే అమ్మాయ్. అయ్యగారింట్లో పిల్లలున్నారు కదా. ఇంట్లోనే ప్రార్థన చేసుకో, చాలు."

"మరి చర్చికి నేను రావచ్చా వదినా?"

ఫీబమ్మ చెప్పుల కోసం వెతుక్కుంది. అవి ఆమె కాళ్ళకే ఉన్నాయి.

కూలికి పిలిచేవాళ్ళూ తగ్గారు. యునీకమ్మ రోజుకొక్కసారే వండుకునేది. అయినా పిడికెడు నాలో పడుతూనే ఉంది. కొంకర్లు పోతున్న వేళ్ళ సందుల్లోంచి గింజలు జారితే, దేవునికి తక్కువ కొలవకూడదని ఏరి మళ్ళీ వేసేది. ఆదివారం చర్చి గంట వినబడగానే నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎవరినీ నిందించేది కాదు. ఒక్కటే అడిగేది: "ప్రభువా, నా బియ్యం ఎవరైనా తినేలా చెయ్యి." నాలుగు నెలలకు నేను అంచుదాకా నిండాను. నిండుగా ఉండటం కూడా ఒంటరితనమేనని అప్పుడే నాకు తెలిసింది.

శ్రావణంలో ముసురు పట్టింది. పనుల్లేవు. ఇంట్లో గింజ నిండుకుంది. రెండు రోజులు పొయ్యి రాజలేదు. మూడోనాడు ఫీబమ్మ తొంగిచూసింది.

"ఏమే, పొగే లేదు? బతికున్నావా?"

"ఉన్నా వదినా. గింజల్లేవు."

ఫీబమ్మ గడప బయటినుంచే చెయ్యి చాచి, గుమ్మం పక్కనున్న నా మూత తీసింది. "ఇంత బియ్యం పక్కనే పెట్టుకుని కడుపు మాడ్చుకుంటున్నావా? పురుగులు తినొచ్చు గానీ నువ్వు తినకూడదా?"

"అది ఇచ్చేసిన బియ్యం."

"ఎవరూ తీసుకోందే ఇచ్చినట్టెలాగే, పిచ్చిమొహమా!"

"వాళ్ళు తీసుకోలేదు. నేను ఇచ్చాను."

ఫీబమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. కొంత బియ్యం చేటలో పోసి పురుగులు ఏరి, వండి వార్చింది. మొదటి ముద్ద పట్టుకుని కళ్ళు మూసుకుంది. భయం పోయాక తిన్నది కాదు, భయపడుతూనే తిన్నది.

"సమాజానికి పెద్దని నేను. నేను తిన్నానంటే సమాజం తీసుకుంది, తిన్నది. ఇప్పుడు దిక్కులేని ఆడమనిషికి సమాజమే పెడుతోంది. నోరుమూసుకుని తిను."

"నోరు మూసుకుంటే ఎలా తినేది వదినా?"

ఫీబమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఆ ఆదివారం ఫీబమ్మ, మిగిలిన బియ్యంతో నన్ను చర్చికి మోసుకెళ్ళి, అవి ఎవరి బియ్యమో దాచకుండా చెప్పి దుప్పటి మీద పోసింది. మిగతా స్త్రీలు తమ బియ్యాన్ని గబగబా పక్కకు లాక్కున్నారు. పెద్ద రాశి ఒకటి, చిన్న రాశి ఒకటి మిగిలాయి. పాస్టరుగారి భార్య చాలాసేపు చూసి, ముందుగా చిన్న రాశినే చెంగులోకి ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళింది. వండిందో, కోళ్ళకు వేసిందో నాకు తెలియదు.

ఇప్పుడు నా అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. పాత ఇనుప సామాన్ల బండి కోసం చూస్తున్నాను. తీరిక ఎక్కువ కనుక ఆ ఆదివారం మధ్యాహ్నం తరచూ జ్ఞాపకం వస్తుంది. యునీకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తీసుకున్నారా వదినా?"

"తీసుకున్నారు."

అది అబద్ధం కాదు. పూర్తి నిజమని ప్రమాణం మాత్రం చేయలేను. యునీకమ్మ బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఫీబమ్మ కూడా కూర్చుంది. మధ్య జానెడు చోటు మిగిలింది. ఆ చోటును ఇద్దరిలో ఎవరు వదిలారో నేను గమనించలేదు. ఆ చోటులో నన్ను పెట్టారు.