పందెం బిల్లూ గసగసాల కొలాచీలూ

ఆర్లీస్ కొట్టు వంతెన దిగగానే ఎడమపక్కన ఉంటుంది. నదికి అవతలి రాష్ట్రంలో ఫోనులో పందెం కాయడానికి చట్టం ఒప్పుకోదు, ఇవతల ఒప్పుకుంటుంది. అందుకని ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాల్లో అవతలి మగవాళ్లు పొద్దున్నే వంతెన దాటి వచ్చి, ఆమె కొట్టు ముందు కార్లు ఆపుకుని, ప్రార్థనలో ఉన్నట్టు ఫోన్ల మీదికి తలలు వంచి కూర్చునేవారు. ఊరికే స్థలం వాడుకున్నారన్న మాట పడడం ఇష్టంలేక, లోపలికి వచ్చి డజను కొలాచీలు కట్టించుకుని వెళ్లేవారు. నడుమ జామో గసగసాల ముద్దో పెట్టి కాల్చిన ఆ మెత్తటి రొట్టెలు మిగతా రోజుల్లో సగానికి సగం మిగిలిపోయేవి. ఆ కాసిని శనివారాలే కొట్టును నిలబెడుతున్నాయని ఆర్లీస్‌కు తెలుసు.

అలాంటిది, అవతలి శాసనసభలో పందేల మీద ఆంక్షలు ఎత్తేసే బిల్లు వచ్చిందని రేడియోలో విన్నది. ఇక ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని కాసుకోవచ్చు. బిల్లు మీద ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చని కూడా విని, చర్చికి వేసుకునే నీలం కోటు బయటికి తీసింది.

కొట్టులో సాయం చేసే ఆడపడుచు ఓపల్ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"ఏం చెబుతావే అక్కడ?"

"జూదం సంసారాలు కూలుస్తుందని చెబుతా."

"నదికి ఇవతల కూల్చదా?"

ఆర్లీస్ వినిపించుకోనట్టు బొత్తాలు పెట్టుకుంది.

సభలో ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. బల్ల మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆర్లీస్ తన పేరు చెప్పి తలెత్తింది. ఎదురుగా వరసగా ఏడుగురు సెనేటర్లు, వాళ్లలో ఐదుగురు ఆమె శనివారం బేరాలే. మొదటాయన ఆప్రికాట్, డజను. పక్కన బట్టతలాయన చెర్రీ, పొయ్యిలోంచి అప్పుడే తీసినవైతేనే. నడుమ అధ్యక్షుడు హావ్లిక్‌గారు గసగసాలు, రెండు డజన్లు. ఆయన కారు ఎప్పుడూ కొట్టు పక్కనున్న పెద్ద చెత్తడబ్బా చాటున ఆగుతుంది. పందేలకు వ్యతిరేకంగా ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్న మనిషి. ఇప్పుడాయన తన ముందున్న కాగితాన్ని ఎంతో శ్రద్ధగా చదువుకుంటున్నారు. ఆ ఐదుగురిలో మిగతా నలుగురికీ ఉన్నట్టుండి కాగితాల మీద శ్రద్ధ పుట్టింది.

జూదం మనుషుల్ని ఎలా దొంగచూపులు చూసేలా చేస్తుందో తాను ప్రతి శనివారం కళ్లారా చూస్తున్నానని ఆర్లీస్ చెప్పింది. ఆమెకు ముఖపరిచయం లేని ఒక సెనేటరమ్మ ముందుకు వంగింది.

"ఎవరండీ వాళ్లు? పేర్లు చెప్పగలరా?"

చెబితే ఈ ఐదుగురూ తమ మంచితనం నిరూపించుకోవడానికైనా బిల్లును తొక్కేస్తారు. కొట్టు బతుకుతుంది. హావ్లిక్‌గారి చెవులు చెర్రీ రంగుకు తిరిగాయి. నమ్మి వచ్చి తన గుమ్మంలో కారు ఆపుకున్న మనిషి.

"నాకు పేర్లు తెలీవమ్మా. ఎవరు ఏ కొలాచీ తింటారో అది తెలుసు."

"మీ కొట్టు ఎక్కడ?"

"వంతెన దాటి మా ఒడ్డున దిగగానే."

సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వు తగ్గేలోపు ఎర్రదీపం వెలిగింది.

వసంతంలో బిల్లు నెగ్గింది. మళ్లీ ఆటలు మొదలైన తొలి శనివారం ఆర్లీస్ మూడు డజన్లే కాల్చింది. తొమ్మిదైనా ముందు స్థలం ఖాళీ. ఓపల్ కూడా వెక్కిరించడం మానేసిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

తొమ్మిదింపావుకు చెత్తడబ్బా చాటున ఒక కారు ఆగింది. కాసేపటికి హావ్లిక్‌గారు టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు.

"ఇప్పుడు ఇంట్లోనే కాసుకోవచ్చు కదండీ," అంది ఆర్లీస్.

"చట్టం ఒప్పుకుంది. మా ఆవిడ ఒప్పుకోవద్దూ?"

ఆయన వెనకే బట్టతలాయన, ఆ వెనక ఇంకో మూడు కార్లు. గసగసాలవి చాలవని అప్పుడే తేలిపోయింది. పొయ్యి మళ్లీ వెలిగించమని ఓపల్‌కు చెప్పబోయి, ఆర్లీస్ కిటికీలోంచి బయటికి చూసింది.

"ముందు ఒక చెయ్యి వెయ్యవే. ఆ చెత్తడబ్బాను కాస్త ముందుకు జరుపుదాం. దాని చాటున రెండు కార్లు పడతాయి."