జరిపిన చుక్క

ఎర్మెక్ పార కర్రతో మొదటి దెబ్బ భార్య భుజం మీద కొట్టాడు. రెండోది వీపు మీద. బురుల్చా పెరట్లో బోర్లా పడి, చేతులతో తల కప్పుకుంది.

"నా ఇంట్లో నీకేం తక్కువైందే? చస్తానని ఊరంతా చాటుకున్నావు!"

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు. నన్నెవరూ అడగనే లేదు."

కిర్గిజ్ రాజధాని బిష్కెక్ శివార్లలో, చెత్త దిబ్బల పక్కన వెలసిన బస్తీ అది. ఆ ఉదయం కమిటీ గది తలుపుకు ఒక పటం అంటించారు. తయారు చేసింది కమిటీకి పటాలు గీసే అమ్మాయి జీపార్. ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరికి చావాలనిపిస్తోందో కొన్ని ఇళ్లలో అడిగి తెలుసుకుని, ఆ ఇళ్లకు బస్ స్టాపు ఎంత దూరమో, వీధి దీపం ఎంత దూరమో, ఇంటి ఆడవాళ్లకు పుట్టింటివాళ్లు ఎంత దూరమో కంప్యూటర్‌లో లెక్క కట్టింది. దీపం లేని వీధుల్లో, దగ్గర్లో అయినవాళ్లు లేని కోడళ్లున్న చోట చావాలనుందన్న ఇళ్లకు పెట్టిన ఎర్ర చుక్కలు గుంపుగా వచ్చాయి. ఆ పటం చూపించి నగరపాలకులను దీపాలు అడుగుదామంది కమిటీ.

ఎవరి ఇల్లో తెలియకూడదని జీపార్ ప్రతి చుక్కనూ అసలు చోటు నుంచి ఏదో ఒక దిక్కుకు కొంత జరిపింది. ఆ పనిలో అది మామూలే. కానీ చుక్కలను ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద పెట్టింది. ఫొటోలో ఎవరి కప్పు వాళ్లు గుర్తుపట్టారు. ఒక చుక్క నీలం రేకుల మీద పడింది. వీధిలో నీలం రేకులు ఎర్మెక్ ఇంటికి మాత్రమే ఉన్నాయి.

"ఏం ఎర్మెక్, పెళ్లానికి గిన్నెడు గుర్రప్పాల కుమిస్ కూడా పొయ్యట్లేదా? చావాలనుందట!" అన్నాడు కమిటీ గది దగ్గర ఒకడు. అందరూ నవ్వారు. ఎర్మెక్ ఇంటికి వెళ్లి పార నుంచి కర్ర ఊడదీశాడు.

కబురు విని జీపార్ పరుగున వచ్చింది. గేటు దగ్గర జనం ఉన్నారు. వాళ్లను తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఎర్మెక్ అన్నా, ఆగండి! ఆ చుక్క మీ ఇంటిది కాదు. నేనే జరిపాను."

"ఎవరి ఇంటిది మరి?"

"చెప్పకూడదు."

"పటాల పిల్లా, పేరు చెప్పు. దీన్ని వదిలేస్తా."

జీపార్‌కు పేరు తెలుసు. కానికేయ్. వెనక వీధి ఇల్లు. గేటు దగ్గర జనంలోనే, మొగుడు సమాత్ పక్కన నిలబడి ఉంది. జీపార్ అటు చూడలేదు.

"చెప్పను," అంది.

"అయితే దీనిదే." కర్ర బురుల్చా మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గేటు దాకా వినిపించింది. జీపార్ ఆమె మీద అడ్డంగా పడింది. తర్వాతి దెబ్బ జీపార్ చెవి మీద తగిలింది.

"ఆ చుక్క నాది, ఎర్మెక్ అన్నా," అంది కానికేయ్. "దాన్ని వదిలెయ్. అడిగితే చెప్పింది నేను."

ఎర్మెక్ ఆగాడు. జనం సమాత్ వైపు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్మెక్ కర్రను ప్యాంటుకు తుడిచి సమాత్‌కు అందించాడు.

"తీసుకో తమ్ముడూ. నాకిక అక్కర్లేదు."

సమాత్ తీసుకున్నాడు. కానికేయ్ జుట్టు పట్టుకుని వెనక వీధికి ఈడ్చుకెళ్లాడు. అక్కడ తన ఇంటి గేటుకు గడియ పెట్టుకున్నాడు. జనంలో ఎవరూ కదల్లేదు.

బురుల్చా లేచింది. కుడి చెయ్యి వేలాడుతోంది. కట్టెల దగ్గరి గొడ్డలిని ఎడమ చేత్తో తీసింది. ఎర్మెక్ వెనక్కి జరిగాడు.

"ఏయ్, నీది కాదని తేలింది కదే! ఇంకేంటి?"

ఆమె అతన్ని దాటుకుని వెళ్లింది. జీపార్ వెంట నడిచింది. చెవి నుంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

సమాత్ గేటు వెనక కర్ర చప్పుడు వినిపిస్తోంది. బురుల్చా గొడ్డలి ఎత్తింది. మొదటి దెబ్బ గోడకు తగిలింది. రెండోది గేటు చెక్క పలకలో దిగబడింది.

"సమాత్! గేటు తియ్యి!"

"నీ ఇంటికి పో వదినా! ఇది మా ఇంటి గొడవ!"

మూడో దెబ్బకు పలక చీలింది. జీపార్ సందులోంచి చెయ్యి పెట్టి గడియ కోసం తడిమింది. లోపలి నుంచి కర్ర ఆమె వేళ్ల మీద పడింది. మళ్లీ పడింది. జీపార్ చెయ్యి తియ్యలేదు. గడియ దొరికింది. లాగింది.

బురుల్చా గొడ్డలితో లోపలికి వెళ్లింది.