మూరెడు తక్కువ బండి

వ్యాన్ అమ్మెయ్యమని తోట యజమాని కఫీల్‌కి నూరిపోసింది హన్మాండ్లే. ఇంకెవర్నీ అనడానికి లేదు.

సౌదీలో బురైదా పక్క ఖర్జూరం తోటలో పన్నెండేళ్లుగా ఆ ముసలి వ్యాన్ తోలింది అతనే. కొత్తగా వచ్చిన చిన్న కరెంటు ట్రక్కును చూసి మనసు పారేసుకున్నాడు. రోజూ మోసేది ఖర్జూరం పెట్టెలూ నీళ్ల డబ్బాలూనే, దానికి ఇంత ఏనుగు దేనికని కఫీల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. అన్నదాంట్లో అబద్ధమూ లేదు. చిన్న బండి చెట్ల వరసల్లోకి దూరిపోతుంది. చప్పుడు లేదు, డీజిల్ కంపు లేదు.

ఒప్పుకోనిది సదానందం ఒక్కడే. ఇద్దరిదీ జగిత్యాల వైపు ఒకే ఊరు, తోటలో ఒకే గది. మిట్టమధ్యాహ్నం పని ఆపే వేళ సదానందం వ్యాన్ వెనక తలుపులు బార్లా తీసి, లోపల కాళ్లు చాపుకుని కునుకు తీసేవాడు. కొత్త బండి వచ్చిన రోజు దాని వెనకెక్కి పడుకుని చూశాడు. కాళ్లు పిక్కల దాకా బయటికి వేలాడాయి.

"నీ సోకుకు నా నీడ పాయెగదనే అన్నా!" అన్నాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ఖర్జూరం చెట్టు మొదట్లో కూర్చున్న సదానందం కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందని ఆసుపత్రి కాగితంలో రాశారు. వ్యాన్ ఉంటే బతికేవాడనే హన్మాండ్లు బాధ. ఎవరెంత చెప్పినా వినడు.

శవాన్ని ఊరికి పంపే కాగితాలన్నీ చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. తీరా ఆ రోజు శవపెట్టెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాల్సిన బండి రాలేదు. ఈ విమానం తప్పితే మళ్లీ ఎన్నాళ్లో! అక్కడ ఊళ్లో సదానందం భార్య ప్రేమలత కడచూపు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది. హన్మాండ్లు చేసేది లేక కరెంటు బండే తెచ్చాడు. నలుగురు పట్టి పెట్టె ఎక్కించారు. వెనక తలుపు మూతపడలేదు. పెట్టె మూరెడు బయటికే ఉండిపోయింది.

తాళ్లు బిగిస్తుంటే ప్రేమలత ఫోను.

"బయలెల్లిండ్రా అన్నా? వ్యాన్లనే గదా? జర ఎండ తగులకుంట సూడు. ఆ వ్యాన్ల సల్లగ పండుకుంట అని మొన్నటిదాంక జెప్పిండు."

వ్యాన్ పోయిన సంగతి సదానందం ఇంట్లో చెప్పనే లేదు. అన్న మీద మాట రానివ్వలేదు.

"వ్యాన్లనే చెల్లె. నీడకే ఉన్నడు. కాళ్లు సాపుకొని సల్లగ పన్నడు."

హన్మాండ్లు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సామాను బండి దాటి బయటికొస్తే చివర ఎర్రగుడ్డ కట్టాలి. ఇన్నేళ్లలో పైపులకు కట్టాడు, నిచ్చెనలకు కట్టాడు. తలకు చుట్టుకున్న ఎర్రగళ్ల రుమాలు విప్పి, సదానందం కాళ్ల వైపు కట్టబోయాడు. ముడి పడటానికి చాలాసేపు పట్టింది.