ఇంట నున్న సుక్రు

రెండే మాటలు కదా, ఇంట, నున్న, అంతకు మించి ఏముంది, అని నతానియేలు మాస్టారు అనంతగిరి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పదోసారో పన్నెండోసారో అనుకున్నాడు, చొక్కా జేబులో జిరాక్సు కాగితం నాలుగు మడతల్లో ఉంది, తీసి చూడక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా అక్షరాలు కనబడుతున్నాయి, కిల్లో వారి ఇంట నున్న సుక్రు, తండ్రి పాంగి గాసి, మశూచిలో గతించెను, జ్ఞానస్నానపు పేరు లూకా, ఆ లూకాయే తన తాత, ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్న తాత, దొరికి రెండు గంటలైనా కాలేదు, అరకు సంతలో టీ కొట్టు బల్ల మీద సింహాచలం పాత పుస్తకానికి చుట్టిన గుడ్డ విప్పుతూ, మాస్టారూ, మీ తాత దొరికేసేడండీ, అన్నప్పుడు అతని మీసాల కింద నవ్వు ఆగితే ఒట్టు, రైల్వేలో పాయింట్లు మార్చి మార్చి రిటైరైన మనిషి, పక్కన ఈశ్వరమ్మ, ముప్పై ఏళ్ళు ఈ కొండలెక్కి దిగి పురుళ్ళు పోసిన నర్సమ్మ, ముందు టీ తాగండి బాబూ, మీ తాత ఇంకెక్కడికీ పోడు, అంటూ గ్లాసు ముందుకు జరిపింది, వాళ్ళ సంబరం చూసి తనూ నవ్వాడు, నవ్వుతూనే చదివాడు, చదివి ఆ పేజీ జిరాక్సు తీయించుకుని బస్సెక్కాడు.

ఈ పిచ్చి ముగ్గురికీ తొంభై ఆరులో ఒకేసారి పట్టుకుంది, పట్టాలు వేసే పనికి కొండెక్కక ముందు తన తండ్రిది ఏ ఊరో సింహాచలానికి తెలియాలి, తల్లి పుట్టింటి వాళ్ళెవరో ఈశ్వరమ్మకి తెలియాలి, తాతని కన్న గాసి ఎవరో, ఏ ఊరివాడో మాస్టారుకి తెలియాలి, ఎవరు ఎక్కడికి వెళ్ళినా మిగతా ఇద్దరి కోసం కూడా అడిగి రావాలి, శుక్రవారం సంతలో కలిసి చీటీలు మార్చుకోవాలి, అదీ ఒప్పందం, ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు, సచ్చినోలని ఎతకడానికి సంతకెల్తన్నావేటి మాస్టారూ అని, నవ్వితే నవ్వారు గాని ఈ కొండల్లో తాతని పట్టుకోవడం మాటలా, శుక్రవారం పుట్టినవాడు సుక్రు, శనివారం పుట్టింది సోని, ఒక్క ఊళ్ళోనే పదకొండు మంది సుక్రులు తేలారు, మీకు పేర్లేమో ఏడు, మనుసులేమో ఏలకేలు, ఎలాగండీ ఏగడం, అని సింహాచలం తల పట్టుకునేవాడు, ఆ మనిషే పోయిన వారం ముంచింగిపుట్టు వెళ్ళి, గుడి లెక్కలు రాసి ఎప్పుడో పోయిన ఉపదేశి మనవరాలి ఇంటి అటక మీద, రాగుల గంప వెనక నుంచి, చెదలు సగం తిన్న ఈ జ్ఞానస్నానాల పుస్తకం పట్టుకొచ్చాడు, ఇదండీ అసలుది, మీ గుళ్ళో ఉన్నది దీన్ని సూసి ఎత్తి రాసింది, దాన్లో కిల్లో సుక్రు అని ఊరుకున్నారు, దీన్లో కిల్లో ఓరి ఇంట నున్న సుక్రు అనుంది, అంటే మీరు కిల్లో కాదండీ, పాంగి, అన్నాడు, ఈశ్వరమ్మ కళ్ళజోడు సవరించుకుని, ఎవుడో పాపం కంగారులో రెండు ముక్కలు ఒదిలేసుంటాడు, అంది, ఆ ఎవుడో ఎవరో ఆవిడకి తెలియదు, సింహాచలానికీ తెలియదు, మాస్టారు టీ గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

సుంకరమెట్టలో బస్సాగింది, చంకలో కోడితో ఒక ముసలామె ఎక్కి పక్క సీట్లో కూర్చుంది, ఆమె చెవుల నిండా వరసగా చిన్న చిన్న రింగులు, కనక మామ్మ చెవులు కూడా ఇలాగే ఉండేవి, వద్దు, ఇప్పుడు కనక మామ్మ గుర్తు రావద్దు అనుకున్నాడు, అనుకుంటే ఆగుతుందా, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, పులి వంశం వాళ్ళు ఏ కొండ మీద పుట్టినా ఒకరికొకరు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే, వాళ్ళలో వాళ్ళకి పెళ్ళి లేదు, మెడలో సిలువ వేసుకున్నా ఆ కట్టు మాత్రం వదల్లేదు, ఆ కట్టు పట్టుకునే కదా చెల్లెలి పెళ్ళి తను ఆపింది, తొంభై ఒకటిలో, తెరిసమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్ళు, కిల్లో ధర్మ కాఫీ నర్సరీలో పనిచేసేవాడు, ఆదివారం గుడికొచ్చి వెనక వరసలో కూర్చునేవాడు, ప్రార్థన కోసం కాదని ఊరందరికీ తెలుసు, ఆ గుంట వెనక్కి తిరిగి చూడకుండానే నవ్వేది, అది తనూ చూశాడు, చూసి, మనమూ కిల్లో వాళ్ళమే, వాడు నీకు అన్న అవుతాడు, సిగ్గు లేదా అన్నాడు, సిగ్గు లేదా అని ఆ మాటే అన్నాడు, అడగడానికి నాన్న అప్పటికే లేడు, పెద్దలు కూర్చున్న రోజు గుళ్ళో పుస్తకం చంకలో పెట్టుకుని బడికి పోతున్నవాడిలా ఠీవిగా వెళ్ళాడు, ధర్మ నాయనమ్మ కనక చుట్ట తీసి పక్కన పెట్టి, ఓరి నాయినా, మీ తాత మా ఇంట్లో ఉన్నోడు గాని మా ఇంటోడు కాడురా, అంది, ఇంట్లో ఉన్నోడు, ఇంటోడు, ఎంత తేడా ఉందో ఆ ముసలమ్మకి తెలుసు, చదువుకున్నవాడికి తెలియలేదు, మామ్మకి మతి సరిగా లేదు అన్నాడు తను, పుస్తకం తెరిచి కిల్లో సుక్రు అన్న చోట వేలు పెట్టి చూపించాడు, పుస్తకంలో ఉన్నాక ఇంకేటి, అని పెద్దలు లేచిపోయారు, ధర్మ చింతూరు పోయి అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలట, తెరిసమ్మ మాత్రం తర్వాత వచ్చిన ప్రతి సంబంధానికీ ఒద్దన్నయ్యా అంది, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు, అనంతగిరి ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకి వండి పెట్టే పనిలో చేరి పదమూడేళ్ళుగా పెద్ద గుండిగల ముందే నిలబడి ఉంది.

ఆ పుస్తకం ఎత్తి రాసింది తనే, డెబ్భై రెండులో, పంతొమ్మిదేళ్ళప్పుడు, టీచరు ట్రైనింగుకి పిలుపు రావాల్సి ఉంది, ఖాళీగా ఉన్నావు, నీ చేతిరాత ముత్యాలు, చెదలు పట్టకముందే కొత్త పుస్తకంలోకి ఎత్తి పెట్టు నాయనా అన్నారు ఫాదరు గారు, గుడి అరుగు మీద బోర్లా పడుకుని రాశాడు, నెలన్నర పట్టింది, కొత్త పుస్తకంలో గళ్ళుండేవి, ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి, తండ్రి పేరుకి ఒక గడి, పాత ఉపదేశి ఏమో కథ చెప్పినట్టు రాసుకుంటూ పోయాడు, ఫలానా వారి ఇంట నున్న ఫలానా అని రాస్తే ఏ గడిలో పెట్టాలి, ఇంట నున్న అనడానికి గడి లేదు, గడి లేదు కాబట్టి పోయింది, ఇందులో తప్పేముంది, ఎవరు రాసినా ఇలాగే పోయేది, తెరిసకి ఇదే చెప్పాలి, గళ్ళ వల్ల వచ్చిందమ్మా అని, గాలికొండ మలుపుల్లో బస్సు అటూ ఇటూ ఊగుతోంది, కోడి ఒకసారి రెక్కలు కొట్టుకుంది, ముసలామె దాని తల నిమిరి, ఊరుకో ఒలే ఊరుకో, అంటోంది, గళ్ళ వల్ల, అవును, గళ్ళ వల్లే, అని మాస్టారు మరోసారి అనుకున్నాడు.

మరి మొండిగుడ వంతల బుద్రు సంగతో, మేనమామ ఇంట నున్న బుద్రు అని ఉంటే, గడి లేకపోయినా పక్కన మార్జిన్లో సన్నగా రాశాడు కదా, మేనమామ ఇంట నున్నవాడు అని, అది ఇప్పటికీ గుళ్ళో పుస్తకంలో ఉంది, ఎన్నిసార్లో చూశాడు, బుద్రుకి మార్జిను దొరికింది, తాతకి ఎందుకు దొరకలేదు, ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చాక బస్సులో గాలి ఆడటం మానేసింది, ఆ రోజు మధ్యాహ్నం మొత్తం ఒక్కసారి కళ్ళముందు నిలబడింది, అరుగు మీద ఎండ, వలిసె చేల పసుపు రంగు, సిరా బుడ్డి, లూకా అనే పేరు చదివి ఇది తాతే అని గుండె ఝల్లుమనడం, ఆ పైన ఇంట నున్న అనే మాట దగ్గర కలం ఆగడం, ఆగింది, గట్టిగా ఆగింది, సిరా చుక్క పడబోతే అద్దుడు కాగితం పెట్టాడు, ఎందుకంటే అప్పుడే నాన్న గుర్తొచ్చాడు, నాన్న ఎలీయేజరు ప్రతి ఏడూ కొత్త సామలు ఇంట్లో వండకముందే ఒక బుట్టెడు కిల్లో వాళ్ళింటికి మోసుకెళ్ళేవాడు, గడప లోపలికి వెళ్ళకుండా వాకిట్లోనే నిలబడి, మా అయ్యకి కూడెట్టిన ఇల్లు, అనేవాడు, లోపల్నుంచి ఎవరో వచ్చి బుట్ట అందుకునేవారు, చిన్నప్పుడు తను వెంట వెళ్ళి నాన్న వెనకాల మొహం దాచుకునేవాడు, ఒకరింట్లో పడి ఉండి, ఒకరి పశువుల్ని కాసి, ఒకరు పెట్టింది తిన్న మనిషికి మనవణ్ణా నేను, అని పంతొమ్మిదేళ్ళవాడికి ఒళ్ళు మండింది, కొత్త పుస్తకంలో నా తాత ఒకరి ఇంట నున్నవాడు కాడు అనుకున్నాడు, కిల్లో అని ఒక గడిలో, సుక్రు అని ఒక గడిలో, తండ్రి దగ్గర పాంగి తీసేసి ఉత్త గాసి అని, కొంచెం పెద్ద అక్షరాలతో, చాలా అందంగా రాశాడు, రాసి గాలికి ఆరబెట్టాడు, ఇదంతా ఎప్పుడు మరిచిపోయాడు, పెద్దల ముందు వేలు పెట్టి చూపించిన రోజున తనకి నిజంగా గుర్తులేదు, అది మాత్రం అబద్ధం కాదు, పుస్తకంలో ఉంది కాబట్టి నిజమనే నమ్మాడు, తను పెట్టిన అబద్ధాన్ని పంతొమ్మిదేళ్ళ తర్వాత తనే వెళ్ళి సాక్ష్యంగా తెచ్చుకున్నాడు, ఓరి దేవుడా అని పైకే అనేశాడేమో, ముసలామె అతని వంక చూసి, ఏటి బాబూ, ఒంట్లో బాలేదా, అంది.

హాస్టలు వెనక వరండాలో తెరిసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది, అన్నని చూసి లేవబోయి, ఏటన్నయ్యా, సెప్పకుండా ఇలాగొచ్చేవు, కూకో, బేగి టీ ఎట్టేత్తాను, అంది, టీ వద్దమ్మా అని కాగితం తీసి ఇచ్చాడు, ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, మడతలు విప్పి, పెదాలు కదుపుతూ చదివింది, ముప్పై ఐదేళ్ళకే చెవి దగ్గర జుట్టు తెల్లబడింది, ఎప్పుడు తెల్లబడిందో తను గమనించనే లేదు, చదివి మళ్ళీ మొదటికి వచ్చి చదివింది, అయితే మనం పాంగి ఓలమా, అంది, అవునమ్మా, కనక మామ్మ సెప్పింది నిజమేనన్నమాట, అవునమ్మా, ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, రెండూ చేయలేదు, చేటలో ఒక రాయి కనబడితే తీసి పారేసింది, నేనూ సూసేనన్నయ్యా అప్పుడు, ఆ పుస్తకం, అంది.

ఎప్పుడు చూశావు, అని అడిగాడు, పెద్దలు లేచిపోయిన మర్నాడు, ధర్మ బస్సెక్కేద్దాం రా అన్నాడు, గుడ్డలు సంచీలో సర్దేసేను కూడా, కనక మామ్మ మాట నిజమైతే ఎలిపోదాం, పుస్తకం నిజమైతే మానేద్దాం అనుకుని గుళ్ళోకెల్లి బీరువా తీసేను, సూసేను, ఆ అచ్చరాలు నీయి, నాకు తెలీదేటి, పలక మీద నాకు ఓనమాలు దిద్దించిన సెయ్యి గదా, మా అన్నయ్య రాసేడంటే తప్పుండదనుకున్నాను, ఇంటికొచ్చి సంచీ ఇప్పేసేను, అని చెప్పి తెరిసమ్మ మళ్ళీ బియ్యం వైపు వంగింది, అంత పెద్ద పుస్తకం ఎత్తి రాసినప్పుడు ఒకటో రెండో ముక్కలు పోతాయిలే అన్నయ్యా, నువ్వు మాత్రం ఏటి సేత్తావు, అంది, అదిగో గళ్ళ మాట చెప్పడానికి చోటు ఆమే ఇచ్చింది, తల ఊపితే చాలు, జన్మంతా సరిపోతుంది, తల ఊపబోయాడు కూడా, కానీ ఇప్పుడు తెలిసింది అతనికి, ఆమెని ఆపింది పులీ కాదు, గద్దా కాదు, పెద్దలూ కాదు, వాళ్ళ మాట కాదని గడప దాటడానికి సంచీ కట్టుకున్న పిల్ల అది, దాన్ని ఆపింది ముత్యాల్లాంటి తన చేతిరాత, దాని మీద ఆమె పెట్టుకున్న నమ్మకం, ఆ నమ్మకం ఇంకా అక్కడే, చేట పక్కన, చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది, ఈసారి దాన్ని వాడుకోకూడదు, పోలేదమ్మా, అన్నాడు, తెరిసమ్మ తలెత్తింది, ఆ రెండు ముక్కలూ పోలేదు, నేనే తీసేశాను, తెలిసే తీసేశాను.