సన్యాసిరాజు చుట్టాలు

మా నాన్న సన్యాసిరాజు స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. వీక్లీ ఆఫ్ వస్తే చాలు, చుట్టాలను వెతుక్కుంటూ బయల్దేరేవాడు. ప్లాంటు కోసం మా ఊరు ఖాళీ చేయించినప్పుడు మావాళ్లంతా తలో దిక్కూ పోయారు. వాళ్లను మళ్లీ కలపడమే ఆయన సరదా. ఎవరు కనబడినా "మీ తాత పేరేటి బావా?" అని మొదలుపెట్టి, టీ తాగడం పూర్తయ్యేసరికి ఏదో ఒక వరస కలిపేసేవాడు. ఏదీ కాగితం మీద పెట్టలేదు. "రాస్తే బీరువాలో పడుంటాయే. సెప్తంటేనే బతుకుతాయి" అనేవాడు.

అంత చెప్పేవాడూ తన మేనత్త గంగాలమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. హార్బర్లో మూటలు మోసే వేరే కులం కుర్రాడితో ఆమె వెళ్లిపోయింది. ఆమె తండ్రి, అంటే మా ముత్తాత, కూతురు చచ్చిపోయిందని తలస్నానం చేసేశాడట. "నన్ను సంకనేసుకుని తిప్పింది" అనడం తప్ప నాన్న ఇంకేం చెప్పేవాడు కాదు.

రిటైరయ్యాక ఆమె ఆచూకీ తెలిసింది. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇల్లు. అరటిపళ్లు, జరీ అంచు చీర కొని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆమె కూతురు చిట్టెమ్మ తలుపు తీసింది. నాన్న తనెవరో చెప్పాడు.

"మాయమ్మ మొన్న మాఘంలో పోయింది" అందామె.

నాన్న గుమ్మంలోనే కూలబడ్డాడు. కాసేపటికి, అలవాటు కొద్దీ, "నీ తోడబుట్టినోళ్ల పేర్లేటమ్మా?" అని అడిగాడు.

"ఆయమ్మ బతికుండగా ఒక్క పెళ్లికీ పిలవనేదు. ఇప్పుడు మా పేర్లెందుకు బావా?"

బావా అన్నందుకే నాన్న ఏడ్చాడు. చీర మాత్రం ఆమె ముట్టుకోలేదు.

ఆ తర్వాత నాన్న చుట్టాల ఇళ్లకు వెళ్లడం మానేశాడు. ఎవరైనా ఫోన్ చేసి వరస అడిగితే "నాకేటి తెల్సు" అని పెట్టేసేవాడు. ఆ వానాకాలంలోనే గుండె ఆగి పోయాడు.

పెద్దకర్మ నాడు గోపాలపట్నంలో మా ఇంటి ముందు షామియానా వేశారు. పంతులుగారు మా తమ్ముడు కార్తీక్‌ని తాత పేరు అడిగారు. చెప్పాడు. ముత్తాత పేరు అడిగారు. వాడు నావంక చూశాడు. ఎన్నోసార్లు విన్న పేరే, నాకూ నోటికి రాలేదు. అమ్మ ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉంది. చుట్టాల్లో ఎవరో "సన్యాసిరాజునడగండ్రా" అనేసి, నాలుక కరుచుకున్నారు.

"సింహాద్రప్పడు."

షామియానా చివర చిట్టెమ్మ నిలబడి ఉంది. కబురైతే పంపాను గాని, వస్తుందనుకోలేదు.

"మాయమ్మకి నాన్న. దీపం ఎట్టినప్పుడల్లా ఆ పేరు సెప్పుకునేది" అంది, ఎవరివైపూ చూడకుండా.

కార్తీక్ ఆ పేరు చెప్పి పిండం పెట్టాడు. చిట్టెమ్మ నిలబడే చూసింది. భోజనానికి రమ్మంటే వద్దంది. అమ్మ లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు, కూర్చోనూ లేదు. కాసేపుండి, రోడ్డు మీదికెళ్లి ఆటో ఎక్కేసింది.